38 శాతం ఉన్నా... ఆరిపోయింది!

ఉదయం ఆరున్నర. తెనాలిలో మా అమ్మ కాఫీ తాగేసి, కళ్లజోడు తుడుచుకుని ట్యాబ్ ముందు కూర్చుంటుంది. వేసవిలో ఆ సమయానికి డాలస్‌లో రాత్రి ఎనిమిది. మా అక్క కూతురు అన్నం తిని, పళ్లు తోముకుని, పడుకోబోయే ముందు అరగంట అమ్మమ్మ దగ్గర తెలుగు అక్షరాలు దిద్దుతుంది. రెండేళ్లుగా ఇదే వరస. అ ఆలు అయ్యాయి, గుణింతాలు అయ్యాయి. ఒత్తుల్లోకి వచ్చారు.

మొన్న వేసవిలో ఒకరోజు 'క్ష' రాయడం చూపిస్తుండగా ట్యాబ్ తెర ఒక్కసారిగా నల్లబడిపోయింది. అప్పటికి ఛార్జింగ్ 38 శాతం ఉందని అమ్మ ఒట్టు పెట్టి చెబుతుంది. పిన్ను పెట్టి, ఆన్ చేసి, మళ్లీ కాల్ కలిపేసరికి పావుగంట. ఈలోపు అటు పిల్ల నిద్రపోయింది. రెండ్రోజులు ఆగి మళ్లీ అదే తంతు. ఈసారి 41 దగ్గర.

అమ్మ ఎవరికీ చెప్పలేదు. తనే ఓ ఉపాయం చేసుకుంది. ఫ్రిజ్ పక్కనున్న స్విచ్‌బోర్డు దగ్గర చాప వేసుకుని, పిన్ను పెట్టే ఉంచి మాట్లాడటం మొదలుపెట్టింది. వైరు పొట్టిది, కుర్చీలో కూర్చుంటే అందదు మరి! అరవై ఎనిమిదేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులతో రోజూ నేల మీద కూర్చుని, లేవడానికి ఫ్రిజ్ తలుపు పట్టుకుంటోందని నేను ఇంటికి వెళ్లినప్పుడు గానీ తెలియలేదు.

"బజార్లో షాపులో చూపించానురా. ఐదేళ్లయింది కదమ్మా, ఇంక దీంతో లాభం లేదు, కొత్తది పద్దెనిమిది వేల్లో వస్తుంది తీసుకోండి అన్నాడు. బ్యాటరీ ఒక్కటీ మారిస్తే సరిపోదా అని అడిగితే, బోర్డు కూడా పోయుండొచ్చు అన్నాడు."

పోయుండొచ్చు! విప్పలేదు, కొలవలేదు, కనీసం ఆన్ చేసి పది నిమిషాలు చూడలేదు. జ్వరం చూడకుండానే మందుచీటీ రాసేసినట్టే ఇది. అమ్మ కూడా దాదాపు ఒప్పేసుకుంది. పింఛను డబ్బుల్లోంచి తీద్దామని లెక్కలు కూడా వేసుకుంది.

ఇది మా ఇంటి కథ ఒక్కటే కాదు. 2020లో కరోనా వచ్చి బడులు మూతపడ్డప్పుడు ఆన్‌లైన్ క్లాసుల కోసం ఎన్ని ఇళ్లలో అప్పోసప్పో చేసి ట్యాబ్‌లు కొనలేదూ! ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులోనూ, 2023 డిసెంబరులోనూ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ప్రభుత్వమే ట్యాబ్‌లు ఇచ్చింది. మొదటి విడత అందుకున్న పిల్లలు పదో తరగతి దాటేశారు. ఆ ట్యాబ్‌లు ఇప్పుడు తమ్ముళ్ల చేతుల్లోనో, తాతయ్యల చేతుల్లోనో, బీరువాల్లోనో ఉన్నాయి. వాటన్నిటికీ వయసు మీద పడుతోంది. మీ ఇంట్లోనూ ఒకటి ఉండే ఉంటుంది. పారేసే ముందు, కొత్తది కొనే ముందు ఓసారి దాని నాడి పట్టి చూద్దాం. ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. ఓ గడియారం, ఓ కాగితం, కాస్త ఓపిక చాలు.

ట్యాంకులో ఒండ్రు

ముందుగా ఓ అపోహ తీర్చేసుకోవాలి. తెర మీద పైన కనిపించే శాతానికీ, బ్యాటరీ ఆరోగ్యానికీ సంబంధం లేదు.

డాబా మీద వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు ఉందనుకోండి. పదేళ్లు కడగకపోతే అడుగున ఒండ్రు పేరుకుంటుంది. మోటారు వేస్తే ట్యాంకు నిండుతుంది, పైనుంచి పొర్లుతుంది కూడా. నిండిందా అంటే నిండింది. కానీ అందులో ఉన్నవి ఆరొందల లీటర్లే! మీ ట్యాబ్ 'వంద శాతం' అనడం అలాంటిదే. ఇప్పుడు పట్టగలిగినంతా నిండింది అని దాని భావం. కొన్నప్పుడు పట్టినంత అని కాదు.

ట్యాబ్‌లలో ఉండేది లిథియం అయాన్ రకం బ్యాటరీ. 1991లో సోనీ కంపెనీ దీన్ని మొదటిసారి మార్కెట్‌లోకి తెచ్చింది. దీనికి మూలమైన పరిశోధనలకు 2019లో ముగ్గురు శాస్త్రవేత్తలకు రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. (వారిలో జాన్ గుడ్‌ఎనఫ్‌కి అప్పటికి 97 ఏళ్లు. నోబెల్ అందుకున్నవారిలో అంత పెద్ద వయసువారు మరొకరు లేరు. ఆయన కనిపెట్టడానికి తోడ్పడిన బ్యాటరీకి మాత్రం నాలుగైదేళ్లకే ముసలితనం!) ఛార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు ఒకవైపు నుంచి రెండోవైపు వెళ్లి కూర్చుంటాయి. వాడుతున్నప్పుడు తిరిగి వస్తాయి. ఈ రాకపోకల్లో ప్రతిసారీ కొన్ని దారిలో చిక్కుకుపోతాయి. గ్రాఫైట్ మీద ఓ పొర పేరుకుంటుంది. అదే మన ఒండ్రు. వాడకపోయినా కాలం గడిచేకొద్దీ ఈ పొర పెరుగుతూనే ఉంటుంది. అందుకే 'బీరువాలోనే ఉందండీ, ఒక్కరోజు కూడా వాడలేదు' అన్న ట్యాబ్ బ్యాటరీ కూడా కొత్తగా ఉండదు.

మరి 38 దగ్గరే ఎందుకు ఆరిపోయింది? ట్యాంకులో నీళ్లున్నా కింద పైపు తుప్పు పట్టి సన్నబడితే ఏమవుతుంది? ఒక్క కుళాయి తిప్పితే నీళ్లు వస్తాయి. వంటింట్లో, స్నానాల గదిలో, పెరట్లో ఒకేసారి తిప్పితే ధార చచ్చిపోతుంది. ముసలి బ్యాటరీలో లోపలి నిరోధం పెరగడం అంటే ఇదే. పాటలు వినడం ఒక కుళాయి లాంటిది. వీడియో కాల్ అలా కాదు... కెమెరా, మైకు, స్పీకరు, వైఫై, నిండు వెలుతురుతో తెర, అన్నీ ఒకేసారి కరెంటు లాగుతాయి. దాంతో బ్యాటరీ వోల్టేజీ ఒక్కసారిగా పడిపోతుంది. ఓ హద్దు కంటే కిందికి జారగానే, లోపలి భాగాలకు దెబ్బ తగలకుండా ట్యాబ్ తనంతట తనే ఆగిపోతుంది. తెర మీద 38 అనో 41 అనో చూపిస్తూనే!

కాబట్టి అమ్మ ట్యాబ్ చేస్తున్నది బోర్డు పోయిన ట్యాబ్ చేసే పని కాదు. బ్యాటరీ నీరసించిన ట్యాబ్ చేసే పని. కాకపోతే ఊహించడం వేరు, తేల్చుకోవడం వేరు.

ముందు వీపు చూడండి

ఏ పరీక్షైనా తర్వాత. మొదట ట్యాబ్‌కి తొడిగిన కవరు తీసేయండి. కొన్నప్పటి నుంచీ ఆ కవరు తీయనివాళ్లే ఎక్కువ. మా అమ్మ ట్యాబ్ కవరు తీస్తే లోపల గోధుమపిండి దొరికింది!

ట్యాబ్‌ను నున్నటి బల్ల మీద వెల్లకిలా పెట్టి, ఓ మూల వేలితో తాకండి. బొంగరంలా ఊగుతోందా? అంచుల్లో తెర కాస్త పైకి లేచి సందు కనిపిస్తోందా? తెర మీద ఒకచోట మచ్చలా వెలుతురు తేడా ఉందా? ఇవి బ్యాటరీ ఉబ్బిందనడానికి గుర్తులు. లోపలి రసాయనాలు చెడి వాయువు పుడుతుంది. మెత్తటి సంచిలాంటి బ్యాటరీ అప్పడంలా పొంగుతుంది. అలాంటిది కనిపిస్తే ఇక పరీక్షల్లేవు. ఛార్జింగ్ పెట్టొద్దు. ఆఫ్ చేసేయండి. నొక్కి సరిచేయబోవద్దు, సూదితో గుచ్చి గాలి తీయబోవద్దు. లోపలి పొరలు ఒకదానికొకటి తగిలితే మంట అంటుకుంటుంది. బట్టలు, కాగితాలు, మంచం లేనిచోట గచ్చు మీద పెట్టి, వీలైనంత త్వరగా సర్వీస్ సెంటరుకు తీసుకెళ్లండి.

భయపెట్టడానికి చెప్పడం లేదు. నేను తెనాలిలో ఈ పని చేస్తుంటే చూసి, పక్కింటి పిన్నిగారు "మా వాడి పాతది కూడా చూసి పెట్టు నాయనా" అని బీరువాలో పట్టుచీరల కిందనుంచి ఓ ట్యాబ్ తెచ్చారు. తెర ఒకవైపు వేలు దూరేంత లేచి ఉంది. మూడేళ్లుగా అక్కడే ఉందట. పూర్తిగా ఖాళీ అయిపోయిన బ్యాటరీని అలాగే ఏళ్ల తరబడి వదిలేస్తే ఇలా పాడవుతుంది. దాన్ని వరండాలో ఓ పెంకుటిముక్క మీద పెట్టించి, బాబాయిగారిని సర్వీస్ సెంటరుకు పంపించేదాకా నాకు మనసు మనసులో లేదు. పిన్నిగారికి మాత్రం ఆ చీరల మీద మచ్చ పడలేదన్నదే సంతోషం.

అమ్మ ట్యాబ్ వీపు చదునుగానే ఉంది. హమ్మయ్య.

గంట సినిమా పరీక్ష

అన్నిటికంటే తేలికైనది ఇదే. ఏ కంపెనీ ట్యాబ్ అయినా పనికొస్తుంది. వంద దాకా ఛార్జింగ్ పెట్టి తీసేయండి. ముందుగానే డౌన్‌లోడ్ చేసి ఉంచిన ఓ సినిమా పెట్టండి. ఏరోప్లేన్ మోడ్ వేయండి. తెర వెలుతురు సగానికి తగ్గించండి. శబ్దం కూడా సగం. సరిగ్గా గంట నడిపి, ఎంత శాతం తగ్గిందో రాసుకోండి. ప్రతిసారీ అదే సినిమా, అదే వెలుతురు ఉండాలి. లేకపోతే లెక్క తప్పుతుంది.

గంటకు 10 నుంచి 12 శాతం తగ్గితే ట్యాబ్ ఎనిమిది నుంచి పది గంటలు నడుస్తుందన్నమాట. కొత్త ట్యాబ్‌లు చాలావరకు ఇలాగే ఉంటాయి. అమ్మ ట్యాబ్‌లో 18 తగ్గింది. అంటే ఐదున్నర గంటలు. చెడ్డదేం కాదు కానీ సగానికి దగ్గరగా జారింది. తర్వాత అదే ట్యాబ్‌తో 50 శాతం దగ్గర నాకే వీడియో కాల్ చేయించాను. పక్కగదిలో నేను, హాల్లో అమ్మ. పన్నెండో నిమిషంలో 43 దగ్గర ఆరిపోయింది. మెల్లగా వాడితే ఐదున్నర గంటలు, బరువు పెడితే పన్నెండు నిమిషాలు. సన్నబడిన పైపు సంగతి ఇక్కడ బయటపడింది.

ఇంకాస్త కచ్చితంగా కావాలంటే ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో 'ఆక్యుబ్యాటరీ' అనే ఉచిత యాప్ ఉంది. ఛార్జింగ్ ఎక్కుతున్నంతసేపూ లోపలికి ఎంత కరెంటు వెళ్లిందో లెక్కగట్టి, మొత్తం ఎంత పడుతుందో అంచనా వేస్తుంది. వేసిన రోజే చూసి 'అయ్యో' అనుకోవద్దు. 20 దగ్గర నుంచి 90 పైదాకా కనీసం ఏడెనిమిది సార్లు ఛార్జింగ్ అయ్యాక గానీ దాని మాట నమ్మలేం. అమ్మ ట్యాబ్ బ్యాటరీ సామర్థ్యం కంపెనీ చెప్పిన ప్రకారం 5,100 ఎంఏహెచ్. పన్నెండు రోజుల తర్వాత యాప్ చెప్పింది 3,100. అంటే 61 శాతం! కొన్ని చవక ట్యాబ్‌లలో కరెంటు కొలిచే భాగం సరిగా ఉండదు, వాటిలో ఈ అంకె గాలివాటం. అలా అనుమానం ఉంటే హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో 'యూఎస్‌బీ మీటర్' అని కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. ఛార్జరుకీ కేబుల్‌కీ మధ్య పెట్టే చిన్న డబ్బా. ట్యాబ్ పూర్తిగా ఖాళీ అయ్యాక, ఆఫ్ చేసి ఛార్జింగ్ పెడితే వంద అయ్యేసరికి ఎన్ని వాట్ అవర్లు వెళ్లాయో చూపిస్తుంది. 5,100 ఎంఏహెచ్ బ్యాటరీ కొత్తలో పట్టేది సుమారు 19.6 వాట్ అవర్లు. అమ్మ ట్యాబ్‌లోకి వెళ్లినవి 14. అందులో వేడిగా పోయే కొంత తీసేస్తే పన్నెండు. యాప్ చెప్పినదానికీ దీనికీ సరిపోయింది. రెండు వేర్వేరు తక్కెళ్లు ఒకే తూకం చూపించాయి కాబట్టి ఇక సందేహం లేదు.

శామ్‌సంగ్ ట్యాబ్ ఉన్నవాళ్లకు ఇంత శ్రమ కూడా అక్కర్లేదు. 'శామ్‌సంగ్ మెంబర్స్' యాప్‌లో డయాగ్నస్టిక్స్ అనేచోట బ్యాటరీ స్టేటస్ ఉంటుంది. అంకె చెప్పదు కానీ బాగుందో, నీరసించిందో ఒక్క మాటలో చెబుతుంది.

ఐప్యాడ్‌ల కథ వేరు. ఐఫోన్‌లో ఎప్పటినుంచో ఉన్న 'బ్యాటరీ హెల్త్' ఐప్యాడ్‌లో 2024లో వచ్చిన ఐప్యాడ్ ప్రో ఎం4, ఐప్యాడ్ ఎయిర్ ఎం2 నుంచే మొదలైంది. అంతకుముందు కొన్న ఐప్యాడ్‌లలో సెట్టింగ్స్ అంతా వెతికినా కనపడదు. వాటిని కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి చూడాలి. మ్యాక్ ఉంటే 'కోకోనట్ బ్యాటరీ', విండోస్ అయితే 'ఐమేజింగ్' అనే సాఫ్ట్‌వేర్లు ఇప్పటి సామర్థ్యం ఎంతో, ఎన్ని సైకిళ్లు అయ్యాయో చూపిస్తాయి. సైకిల్ అంటే పిన్ను పెట్టిన ప్రతిసారీ ఒకటి కాదు. మొత్తం కలిపి వంద శాతం వాడితే ఒకటి. ఇవాళ సగం, రేపు సగం వాడితే రెండు రోజులకు ఒక సైకిల్. అనుకూల పరిస్థితుల్లో వెయ్యి సైకిళ్ల తర్వాత కూడా 80 శాతం సామర్థ్యం నిలిచేలా ఐప్యాడ్ బ్యాటరీలను రూపొందించామని యాపిల్ చెబుతోంది.

యూరప్ వాళ్లు ఈ విషయంలో మనకంటే ముందున్నారు. అక్కడ 2025 జూన్ 20 నుంచి మార్కెట్‌లోకి వచ్చే ఫోన్లు, ట్యాబ్‌ల బ్యాటరీ 800 సైకిళ్ల తర్వాత కూడా కనీసం 80 శాతం ఉండాలని నిబంధన పెట్టారు. కొన్నవాడికి తన బ్యాటరీ ఆరోగ్యం చూసుకునే వీలూ ఉండాలన్నారు. మనకూ అలాంటిది వస్తే మా అమ్మ లాంటివాళ్లు 'పోయుండొచ్చు' అనే మాట విని ఇంటికి తిరిగి రావాల్సిన అవసరం ఉండదు.

ఇక ప్లే స్టోర్‌లో 'బ్యాటరీ డాక్టర్', 'బ్యాటరీ రిపేర్' అని కనిపించేవి ఉంటాయి. వాటి జోలికి పోకండి. ఏ యాప్ కూడా ఒండ్రు తీయలేదు. అవి తెచ్చేది ప్రకటనలే. డీప్ ఫ్రిజ్‌లో పెడితే బ్యాటరీ బాగుపడుతుందన్నది మరో వంటింటి వైద్యం. తేమ చేరి ఉన్నది కూడా పోతుంది. ఒక్కసారి పూర్తిగా దించి, వంద దాకా ఎక్కిస్తే మాత్రం శాతం చూపించడంలో తప్పు కొంత సర్దుకోవచ్చు. అది కూడా మీటరు ముల్లు సరిచేయడమే తప్ప ట్యాంకు పెంచడం కాదు.

మార్చాలా, కొనాలా?

అంకె చేతికొచ్చింది. ఇక తేల్చుకోవాలి. 80 పైన ఉంటే బ్యాటరీ మీద ఖర్చు దండగ. సమస్య వేరేచోట ఉందని అర్థం. ఛార్జరు, కేబుల్ మార్చి చూడండి. కేబుల్ చివర నలిగిపోయి సగం కరెంటే వెళ్లడం మన ఇళ్లలో మామూలే. 60, 80ల మధ్య ఉంటే వాడకాన్ని బట్టి. పిల్లాడు గంట పాఠం చూసి పక్కన పడేసే ట్యాబ్‌కి ఏమీ చేయక్కర్లేదు. అమ్మలా వీడియో కాల్ మీద ఆధారపడేవాళ్లకు మార్చడమే మంచిది.

కానీ మార్చే ముందు ఇంకో సంగతి చూడండి. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ చివరిసారి ఏ తేదీన వచ్చిందో ఉంటుంది. రెండు మూడేళ్లుగా రాకపోతే, ఆ ట్యాబ్‌లో బ్యాంకు పనులు చేయకపోవడం మేలు. బ్యాంకు యాప్‌లు కూడా పాత ఆండ్రాయిడ్‌లలో ఒక్కొక్కటిగా ఆగిపోతాయి. పాఠాలకు, పాటలకు, కబుర్లకు అయితే పర్లేదు. తెర పగిలి, అప్‌డేట్లు ఆగి, బ్యాటరీ కూడా దిగిపోయిన ట్యాబ్‌కి ఖర్చు పెట్టమని నేనైతే చెప్పను.

ట్యాబ్ వీపు జిగురుతో అతికించి ఉంటుంది. వేడిచేసి, సన్నటి రేకుతో విప్పాలి. పాత బ్యాటరీకి ఆ రేకు గుచ్చుకుంటే ప్రమాదం కాబట్టి ఇంట్లో యూట్యూబ్ చూసి చేసే పని కాదిది. కంపెనీ సర్వీస్ సెంటరులో ముందే మూడు ప్రశ్నలు అడగండి... అసలు బ్యాటరీయేనా, మొత్తం ఎంతవుతుంది, ఎన్నాళ్ల వారంటీ? ఇచ్చే ముందు ఫొటోలు కాపీ చేసుకోండి. పాత బ్యాటరీని చెత్తబండిలో వేయొద్దు. బండిలో నలిగితే అక్కడే అంటుకుంటుంది. బ్యాటరీలు తయారుచేసి అమ్మేవాళ్లే పాతవి సేకరించి రీసైక్లింగ్‌కు పంపాలని మన దేశంలో 2022లో నిబంధనలు వచ్చాయి. కాబట్టి మార్చినచోటే వదిలేసి రావడం సులువు.

అమ్మ ట్యాబ్‌ను గుంటూరు తీసుకెళ్లాను. బిల్లు 2,200 రూపాయలు. పద్దెనిమిది వేలు ఎక్కడ, ఇదెక్కడ! బోర్డుకు ఏమీ కాలేదు.

దిండు కింద ఎండాకాలం

ఇంటికొచ్చాక అసలు నేరస్థుణ్ని పట్టుకున్నాను. పొద్దున కాల్ మధ్యలో ఆగిపోకూడదని అమ్మ రాత్రంతా ట్యాబ్‌ను పరుపు మీద, దిండు పక్కన, ఆ మందపాటి కవరుతో సహా ఛార్జింగ్‌లో ఉంచేది. మధ్యాహ్నం అది కిటికీ గట్టు మీద ఉండేది, పడమటి ఎండలో. లిథియం బ్యాటరీకి వేడే పెద్ద శత్రువు. యాపిల్ అయితే చుట్టూ ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే బ్యాటరీ సామర్థ్యం శాశ్వతంగా దెబ్బతినొచ్చని చెబుతుంది. మే నెలలో విజయవాడలో, రామగుండంలో, రెంటచింతలలో 35 డిగ్రీలంటే చల్లటి రోజు! వాతావరణాన్ని మనం మార్చలేం కానీ, ఛార్జింగ్‌ను తెల్లవారుజామునో రాత్రో, కవరు తీసి, గచ్చు మీదో బల్ల మీదో పెట్టుకోవచ్చు. నిండు వంద దగ్గర గంటల తరబడి ఉంచడం, వేడి... ఈ రెండూ కలిస్తే బ్యాటరీ తొందరగా ముసలిదవుతుంది.

కొత్త శామ్‌సంగ్‌లలోనూ, కొత్త ఐప్యాడ్‌లలోనూ 80 దగ్గరే ఛార్జింగ్ ఆపే ఏర్పాటు ఉంది. పాతవాటిలో లేకపోతే మనమే తీసేయాలి. కరెంటు కోతలున్న ఊళ్లలో 'ఎందుకైనా మంచిది, నిండుగా ఉంచుదాం' అనుకోవడం సహజం. వానాకాలంలో గాలివాన వచ్చేలా ఉన్నరోజు వంద పెట్టుకోండి, ఎవరూ కాదనరు. రోజూ అక్కర్లేదు. వాడకుండా దాచేట్టయితే సగం ఛార్జింగ్‌తో ఆఫ్ చేసి పెట్టండి. మూడు నాలుగు నెలలకోసారి తీసి మళ్లీ సగానికి తేవాలి.

"కొత్త బ్యాటరీకి మొదటిసారి ఎనిమిది గంటలు పెట్టాలట కదరా?" అని అడిగింది అమ్మ. వెనకటి నికెల్ బ్యాటరీల రోజుల మాట అది. ఇప్పుడా అవసరం లేదు.

కుర్చీ మళ్లీ హాల్లోకి వచ్చింది. చాప చుట్టి అటక మీద పెట్టేశాను. 'క్ష' అయిపోయి 'జ్ఞ'లోకి వచ్చారట. వంటింటి గోడ మీద పాలలెక్క, గ్యాస్ వచ్చిన తేదీ రాసుకునే క్యాలెండరు ఉంది కదా... ప్రతి నెలా ఒకటో తారీఖున గంట సినిమా పరీక్ష పెట్టి, తగ్గిన అంకె అందులో రాయమని అమ్మకు చెప్పి వచ్చాను. నెల నెలా అది ఎలా పెరుగుతోందో చూస్తే, ఈసారి ఆరిపోకముందే తెలిసిపోతుంది. ఏ సినిమా పెట్టాలో మాత్రం తనే ఎంచుకుంది: 'మాయాబజార్'. నిన్న ఫోన్ చేసి అడిగితే చెప్పింది, ఈ నెల 11 అట. కాకపోతే గంటకు ఆపలేదట, సినిమా చివరిదాకా చూసేసిందట.